ఐదోవాడు

లాండ్రీ దుకాణం. కౌంటరు వెనక తండ్రి ఇస్త్రీ చేస్తున్నాడు. ఎదురుగా, కొడుకుతో కలిసి దేశం తరఫున పరిగెత్తి వచ్చిన కుర్రాడు ఖాళీ సంచితో నిలబడి ఉన్నాడు. దుకాణానికీ వెనక గదికీ మధ్య ఒక తెర.

"ఇస్త్రీ అక్కర్లేదు బాబాయ్, జట్టు బట్టలు అలాగే ఇచ్చెయ్యండి. సంచిలో పెట్టుకుని రమ్మన్నారు అంతే, కోచ్ సారు."

"ఇరవై రెండేళ్ళలో ఇస్త్రీ లేకుండా ఒక్క బట్ట ఈ కౌంటరు దాటలేదు. మావాడి బట్టలతోనా మొదలుపెట్టడం? కూర్చో. ఆ స్టూలు మీద కోటుంది చూడు, తీసి అక్కడ తగిలించు."

"పర్లేదు, నిలబడతా."

"కాలు బాగోలేదుగా, కూర్చో."

"బాగానే ఉంది."

"కట్టు ఉందిగా ఇంకా."

"ఉంది. అంటే, ఉంటే ఉంది."

"నిన్ను రేడియో అంటారట కదా మీవాళ్ళు. కొండెక్కుతూ కూడా కబుర్లు చెప్తావని మావాడు నవ్వేవాడు. ఇవాళేంటి, రేడియో పలకట్లేదు?"

"కొంగ ఉన్నాడా లోపల? అదే, మీవాడు."

"కొంగ అనే అను. నేనూ అలాగే పిలుస్తున్నా ఈ మధ్య. ఆ కాళ్ళు చూసి పేరు పెట్టినవాడెవడో గానీ, కళ్ళున్నవాడు. ఉన్నాడు, తెర అవతలే. పడుకున్నాడు."

"నిద్రపోతున్నాడా?"

"ఏమో. గోడవైపు తిరిగి ఉన్నాడు. మీరు తిరిగొచ్చి పదకొండు రోజులైంది కదా, పదకొండు రోజులూ ఆ గోడతోనే కాపురం."

"తింటున్నాడా మరి?"

"పెడితే తింటాడు. పెట్టకపోతే అడగడు. నిన్న మాత్రం పళ్ళెం తనే కడిగి బోర్లించాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు నేను కూడా అంతే, ఎన్నో రోజుకో లేచి ఒక గ్లాసు కడిగాను. అప్పుడు మా అక్క చూసి, ఇక పర్లేదు వీడు, అంది. నిన్న నాకు ఆ మాటే గుర్తొచ్చింది."

"డాక్టరేమన్నాడు?"

"అన్నీ చూశాడు. గుండె, రక్తం, తల. ఏమీ లేదన్నాడు. అంత ఏమీ లేనివాడు ఎందుకు పడిపోయాడండీ అంటే, ఒక్కోసారి ఒంట్లో ఉన్నదంతా అయిపోతుంది, పడిపోతారు అన్నాడు. అది విన్నాక నా మనసు కాస్త కుదుటపడింది. ఇదిగో, ప్యాంటు అయింది. ఇంకేం రాశారు నువ్వు తెచ్చిన కాగితంలో?"

"చొక్కా. పోటీ బనీను. స్పైక్సు బూట్లు."

"స్పైక్సు కూడానా? వాడి సైజు పదకొండు. అవి ఎవడి కాలికి పడతాయని?"

"నాకు పట్టవు."

"నీకని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"మరి?"

"అదే బాబాయ్, వచ్చే నెల ఇంకో పోటీ ఉంది కదా, దానికి నలుగురినే తీసుకెళ్తారట. జట్టులో కొంగ చోటు నాకిస్తున్నారు."

"ఓహో."

"నేను అడగలేదు."

"అడగలేదు, సరే. ఎవరో ఒకరికి ఇవ్వాలి కదా. ముక్కూమొహం తెలియనివాడికి పోయేకన్నా నీకు రావడమే నయం. నువ్వు వాడితో ఒకే గదిలో ఉన్నావుగా అక్కడ?"

"ఉన్నాను. నాకు చలేస్తోందని వాడి దుప్పటి కూడా నాకే ఇచ్చాడు."

"ఇస్తాడు, ఇస్తాడు. కోచ్ సారు ఫోన్‌లో నాతో ఏమన్నారో తెలుసా? మీవాడికి కాళ్ళున్నాయండీ, గుండె లేదు అన్నారు. దెబ్బ తగిలి ఆగినవాడికి ఇంకో అవకాశం ఇవ్వొచ్చు, గెలుపు గీత ఎదురుగా కనిపిస్తుంటే చతికిలబడ్డవాడిని నేను నమ్మలేను అన్నారు. దెబ్బ తగిలినవాడంటే నువ్వే అనుకుంటా."

"నేనే."

"సరే మరి. ఆయన జట్టు ఆయనిష్టం. నిన్న ఆ బ్యాంకాయన కోటు తీసుకెళ్తూ, ఇంకో యాభై మీటర్లయ్యా, మా అత్తగారైనా దేక్కుంటూ వచ్చేది అన్నాడు. నేను కోటు మడత సరిచేసి చేతికిచ్చాను. ఏమంటాను?"

"అనాల్సింది బాబాయ్."

"ఏమని?"

"ఏదో ఒకటి."

"ఇదిగో, ఈ బనీను చూడు. ఒక పక్కంతా పచ్చ మరక, భుజం నుంచి నడుము దాకా. గడ్డి మరక వదలగొట్టడం నాకెంతసేపు? పావుగంట పని. వదలగొట్టలేదు."

"ఎందుకని?"

"పిచ్చి. పడేదాకా పరిగెత్తినవాడి బట్ట కదా అనుకున్నా. ఉతికేస్తే ఏదో చెరిపేసినట్టు. పతకం ఎలాగూ లేదు, నాకు ఇది ఉంది అనుకున్నా. ఇప్పుడు మరకతో పంపిస్తే, తండ్రి లాండ్రీవాడు, బట్ట చూడు అంటారేమో మీ కోచ్ సారు. ఏం చెయ్యమంటావ్?"

"బాబాయ్, నలుగురి లెక్క మీకు తెలుసా?"

"ఏ లెక్క?"

"గుట్టలూ బురదా దాటే మా పరుగు పోటీలో జట్టు లెక్క."

"చెప్పాడొకసారి. ఆరుగురు పరిగెడతారు, ముందొచ్చిన నలుగురినే చూస్తారు అని. అంతకుమించి నా బుర్రకెక్కలేదు."

"ఆ నలుగురూ ఎన్నో స్థానంలో వచ్చారో కలుపుతారు. ఆ మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. మన కెప్టెన్ ఐదో స్థానం. మిగతా ఇద్దరు తొమ్మిది, పధ్నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది."

"అంటే ముగ్గురు. నాలుగోవాడు మావాడు."

"అవును. నలుగురూ గీత దాటితేనే జట్టు. ముగ్గురే దాటితే అసలు జట్టే లేనట్టు. కాగితంలో పేరు కూడా రాయరు."

"తెలుసు. అందుకేగా ఇంతమంది ఇన్ని మాటలు. మిగతా ఇద్దరి సంగతేంటి?"

"ఆరోవాడు రెండో చుట్టులోనే ఆగిపోయాడు. బురదలో బూటు ఊడిపోయింది, ఏదో గుచ్చుకుంది, రక్తం. వాడిది నిజమే."

"నిజమే అంటే?"

"నిజమే అంటే నిజమే. ఇక ఐదోవాణ్ణి నేను."

"మరి నలుగురే లెక్కయితే ఐదోవాడెందుకు, ఆరోవాడెందుకు? ఊరికే విమానం ఖర్చు."

"నలుగురిలో ఎవరికైనా ఏమైనా అయితే ఐదోవాడు నాలుగోవాడవుతాడు. అందుకు. ఐదోవాడి పని అదొక్కటే."

"అంటే, ఆగు. నీ కాలు బాగుండి ఉంటే—"

"అవును."

"నువ్వు వచ్చి ఉంటే—"

"నడుచుకుంటూ వచ్చినా చాలు. గీత దాటినవాళ్ళు మొత్తం తొంభై ఆరుమంది. నేను దాటుంటే తొంభై ఏడు. ఆ తొంభై ఏడో స్థానమే నాదనుకోండి, అందరికన్నా ఆఖరు. ఇరవై ఎనిమిది, తొంభై ఏడు, నూట ఇరవై అయిదు. మూడో స్థానం వచ్చిన జట్టుది నూట ముప్పై ఒకటి."

"అయ్యో."

"పతకం మనదే."

"అయ్యో నాయనా. ఆ రోజే మడతపడాలా ఆ కాలు? ఇదంతా లోపల పెట్టుకుని తిరుగుతున్నావా? నీ తప్పేముంది ఇందులో, నేల ఎగుడుదిగుడు. కాలుకి తెలుస్తుందా నలుగురో ఐదుగురో?"

"ఊరుకోండి బాబాయ్."

"నిన్నేమీ అనట్లేదయ్యా."

"అనండి. అందుకే వచ్చాను. బట్టలకి బంట్రోతు వస్తానన్నాడు, నేనే వెళ్తానని తీసుకున్నా సంచి."

"కాలు ఇలా పెట్టు, చూస్తాను. వేణ్ణీళ్ళున్నాయి, కాపడం పెడితే—ఏ కాలు?"

"ఏ కాలైనా ఒకటే."

"అదేం మాట?"

"మొన్న పొద్దున కుడికాలికి కట్టుకున్నాను. మా అమ్మ చూసి, నిన్న ఎడమకాలు కదరా అంది. రెండూ నొప్పేనమ్మా అన్నాను. పాపం, రెండో కాలికి కూడా ఆవిడే కట్టింది."

"నాకర్థం కావట్లేదు."

"ఏ కాలికీ ఏమీ అవలేదు బాబాయ్."

"ఏమీ అవలేదా?"

"బాబాయ్, పొగ."

"ఏంటి?"

"ఇస్త్రీపెట్టె. చొక్కా కాలుతోంది, ఎత్తండి."

"ఓ. ఆ. ఆ స్విచ్చి కట్టెయ్. గోడ మీద, ఎర్రది. అదే."

"మచ్చ పడింది."

"పడనీ. జట్టు చొక్కానేగా. చెప్పు."

"ఏం చెప్పను?"

"నాకేం తెలుసు ఏం చెప్పాలో? ఎక్కడ ఆగావు? ముందు అది చెప్పు."

"ఆఖరి చుట్టు. గీతకి ఇంకా ఆరువందల మీటర్లుంది. అక్కడ నేల ఒక పల్లంలోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఆ పల్లంలో ఉంటే ఎటునుంచీ కనపడం. పక్కన ఒక పొద. దాని వెనక్కి వెళ్ళి కూర్చున్నాను."

"ఊపిరి అందకా?"

"అందుతోంది."

"కడుపులో నొప్పా?"

"లేదు."

"మరెందుకు కూర్చున్నావు?"

"నా వెనక ఇద్దరో ముగ్గురో ఉన్నారు బాబాయ్. అంతే. మిగతా లోకమంతా నా ముందే. నా వెనక దారి పక్కన కట్టిన తాళ్ళు అప్పుడే చుట్టేస్తున్నారు. జనం కుర్చీలు మడతపెట్టుకుని వెళ్ళిపోతున్నారు. ఒక చిన్న పాప, వాళ్ళ నాన్న భుజం మీద కూర్చుంది, నన్ను చూసి చప్పట్లు కొట్టింది. వాళ్ళ నాన్న కూడా కొట్టాడు. జాలిపడి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసా? ఒంటి మీద బట్ట లేనట్టు అనిపించింది. ఇలాంటివి ఇంకా ఆరువందల మీటర్లు, ఆ చివర కెమెరాలు. మన నలుగురూ ముందే ఉన్నారు కదా, నా స్థానం ఎవరికి కావాలి, ఎవరు చూస్తారు అనుకున్నా. పల్లం వచ్చింది, దిగాను, పొద కనపడింది."

"చప్పట్లు కొట్టినందుకు ఆగావా?"

"మీరు అలా అంటే ఇంకా చిన్నగా ఉంది."

"నేను పెద్దది చెయ్యట్లేదు, చిన్నది చెయ్యట్లేదు. నువ్వన్నదే అన్నాను. కాలు అని ఎవరు చెప్పారు మరి?"

"నేను నోరు తెరిచి చెప్పలేదు, ఒట్టు. జెండా పట్టుకుని ఒక ముసలాయన ఉన్నాడక్కడ, దారి చూపించడానికి. పొద వెనక్కి వచ్చి చూశాడు. వాళ్ళ భాష నాకు రాదు. వంగి నా కాలు చూపించి ఏదో అడిగాడు. తల ఊపాను."

"అంతేనా?"

"అంతే. ఆయన కోటు తీసి నాకు కప్పాడు. తన ఫ్లాస్కులోంచి వేడిగా ఏదో పోసిచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని బూటు విప్పి, ఎంత నెమ్మదిగా విప్పాడంటే, నాకు నిజంగానే నొప్పేమో అనిపించింది. ఆయన అంత చేశాక, కాదండీ, నాకేమీ లేదండీ అని ఎలా లేవను? ఆయనే వైద్యుల గుడారానికి తీసుకెళ్ళి కట్టు కట్టించాడు."

"అప్పటికి మావాడు—"

"ఆయన బూటు విప్పుతుండగా మైకులో ఏదో గట్టిగా అరుస్తున్నారు. జనం ఓ అంటున్నారు. ఎవరో పడ్డారేమో అన్నట్టు అటు చూశాడాయన. నేను తాగుతూ ఉన్నాను. అది కొంగేనని తర్వాత తెలిసింది."

"అప్పుడు లేచి ఉంటే?"

"తెలిస్తే లేచేవాణ్ణి."

"తెలిస్తేనా?"

"అదే బాబాయ్, అదే. తెలియకపోయినా లేవాలి. ఐదోవాడు అందుకే. గుడారంలోకి కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. కొంగ పడిపోయాడురా, నువ్వెక్కడ చచ్చావు అని అరుస్తూ వచ్చి, నా కట్టు చూసి ఆగిపోయాడు. అయ్యో, నీకూనా అని నా తల నిమిరాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నా తల మీదే ఉన్నట్టుంటుంది."

"తర్వాత కూడా చెప్పలేదు."

"విమానంలో చెబుదామనుకున్నా. కొంగ పక్కసీటే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం పెట్టె తెస్తే మూత నేను తీసిచ్చాను. నీ కాలెలా ఉంది అని అడిగాడు బాబాయ్. వాణ్ణి అందరూ అన్ని మాటలంటున్నారు, వాడు నా కాలు ఎలా ఉందని అడిగాడు. పర్లేదు, తగ్గుతోంది అన్నాను."

"కోపం వస్తోందయ్యా. రావట్లేదని నీతో ఎందుకు అబద్ధం చెప్పాలి? పదకొండు రోజులు వాడు ఆ గోడకేసి చూస్తున్నాడు. నువ్వొక్క మాట చెప్తే వాడి మీద సగం బరువు దిగేది. మొత్తం కాదు, సగం."

"కొట్టండి కావాలంటే."

"కొట్టి ఏం చేసుకోను. కూర్చో. నువ్వు నిలబడితే నాకు మెడ నొప్పి పుడుతోంది."

"కూర్చున్నా."

"కాస్త నెమ్మదిగా మాట్లాడదాం, వాడు వింటాడు. నీకొకటి చెప్పనా? వాడికి చెప్పకూడదు."

"చెప్పను."

"చెప్పనని నువ్వు అంటే నమ్మొచ్చు, పదకొండు రోజులు దాచినవాడివి. ఆ రోజు ఈ దుకాణంలో టీవీ పెట్టాను, ఆ మూల. వీధి వీధంతా వచ్చింది. కుర్చీలు చాలక బట్టల మూటల మీద కూర్చున్నారు. మావాడు కనపడ్డప్పుడల్లా నా వీపు మీద చరుస్తున్నారు. గీత దగ్గరికొచ్చాడు, ఇంకొంచెమే, కాలు మెలిపడింది, పడ్డాడు. నేనేం చేశానో తెలుసా?"

"ఏం చేశారు?"

"టీవీ కట్టేశాను."

"కంగారులో చేసుంటారు."

"అందరికీ అదే చెప్పాను. కొడుకు పడిపోతే చూడలేకపోయానని. వాళ్ళూ నమ్మారు, ఒకావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అది నిజం కాదు. పడ్డవాడికి దెబ్బ తగిలిందా, ఊపిరి ఉందా అని నాకు ఆ క్షణాన తోచలేదు. ఇంతమంది ముందు పడ్డాడే అనిపించింది. సిగ్గేసింది. నా కొడుకుని చూసి సిగ్గుపడి మీట నొక్కాను. తర్వాత వాడు లేచాడో, ఎవరు ఎత్తారో ఏదీ చూడలేదు. మళ్ళీ వెయ్యలేదు. ఇప్పటికీ చూడలేదు."

"బాబాయ్—"

"నువ్వు పొద వెనక్కి వెళ్ళావు, నేను మీట నొక్కాను. ఇక నిన్ను కొట్టడానికి నా చెయ్యెలా లేస్తుంది?"

"మీరూ నేనూ ఒకటి కాదు."

"ఒకటని నేనూ అనట్లేదు. నీవల్ల పతకం పోయింది, నావల్ల ఏమీ పోలేదు. కానీ నాకు సిగ్గంటే ఏమిటో తెలుసు, అంతవరకే. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"రేపు కమిటీ కూర్చుంటుంది. కొంగ పేరు కొట్టేస్తారు, నా పేరు రాస్తారు. ఈలోపల, ఇవాళే, కోచ్ సారుకి చెప్పేస్తాను. ఈ బట్టలు తీసుకెళ్ళను. ఇవి ఇక్కడే ఉండాలి. ముందు వాడికి చెప్పి వెళ్దామని వచ్చాను, మీరే ఎదురుపడ్డారు."

"నీ చోటు పోతుంది."

"పోనీ."

"వచ్చే నెలది ఒక్కటే కాదు. మళ్ళీ పిలవరు నిన్ను."

"తెలుసు."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. మా అమ్మ రెండు కాళ్ళకీ కట్టు కట్టింది బాబాయ్. ఆవిడకి చెప్పడమే అన్నిటికన్నా కష్టం."

"సరే. ఆ కట్లు విప్పెయ్ ముందు. విప్పి ఆ బుట్టలో పడెయ్. మీ కోచ్ సారు ఆఫీసు ఎంతదాకా ఉంటుంది?"

"ఐదింటిదాకా."

"నేనూ వస్తాను. దుకాణం ఒక గంట మూస్తే ఎవరి ప్రాణాలూ పోవు."

"మీరెందుకు?"

"ఒక్కడివీ గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరుగుతావేమోనని. లోపలికి రానులే. బయట బెంచీ మీద కూర్చుంటాను. వచ్చాక మీ అమ్మగారి దగ్గరికి కూడా వెళ్దాం. చెప్పులెక్కడ పెట్టాను?"

"నాన్నా."

"లేచావా. ఎంతసేపైంది తెర దగ్గర నిలబడి?"

"చాలాసేపైంది."

"ఎంతవరకు విన్నావు?"

"టీవీ దాకా విన్నాను. తర్వాతది కూడా."

"చూడరా, ఆ రోజు నేను—"

"పర్లేదు నాన్నా."

"కొంగా, నన్ను ఏమైనా అను. నేను కోచ్ సారు దగ్గరికే వెళ్తున్నా."

"నువ్వు కాసేపు ఊరుకో రేడియో. నాన్నా, ఆ బట్టలు వాడికిచ్చెయ్యి."

"ఇవ్వను. ఎందుకివ్వాలి? నీకు చేతనైనంతా నువ్వు చేశావు. ఒళ్ళు తెలియకుండా పడిపోయావు. ఇందులో తలెత్తుకోవాల్సినవాడు ఎవడైనా ఉంటే నువ్వొక్కడివే."

"ఒళ్ళు తెలుస్తూనే ఉంది."

"ఏంటి?"

"కాలు మెలిపడి పడ్డాను, అది నిజమే. కళ్ళు తిరగలేదు. గీత కనిపిస్తోంది, కెప్టెన్ చేతులూపడం కనిపిస్తోంది. లేవొచ్చు. లేవకపోయినా దేకొచ్చు."

"మరెందుకు లేవలేదు?"

"ఒళ్ళంతా మండిపోతోంది నాన్నా. గడ్డి చల్లగా ఉంది. స్ట్రెచరు వస్తుంటే కళ్ళు మూసుకున్నాను. వెనక రేడియో వస్తున్నాడు కదా, వాడు ఆగడు కదా, నలుగురూ అయిపోతారులే అనుకున్నాను."